చేతులు ఖాళీ లేనప్పుడు: ఒంటిమీద కెమెరాతో ఇంటి ముచ్చట్లను రికార్డు చేయడం ఎలా

పసిబిడ్డను రెండు చేతులా పట్టుకుని నడిపిస్తున్నవారు అదే సమయంలో ఫోను పట్టుకోలేరు. ఒక చేయి వదిలి జేబులో వెతికేలోగా ఆ రెండు అడుగులూ అయిపోతాయి, ఫోను బయటికి రాగానే బిడ్డ నడక మాని దానికోసం చేయి చాపుతుంది. మెడలోనో, ఛాతీమీదో, కళ్లజోడులోనో ఇమిడే చిన్న కెమెరా ఈ చిక్కును చాలావరకు తీరుస్తుంది. అయితే కొని తగిలించుకున్నంత మాత్రాన చూడదగిన వీడియో రాదు. నేను మొదటి వారం తీసినదాంట్లో సగానికి పైగా బల్ల అంచు, నా మోచేయి, గది పైకప్పు ఉన్నాయి, మిగిలిన సగంలో మా అబ్బాయి నడినెత్తి ఉంది. ఆ తప్పులన్నీ చేసి, ఒక్కొక్కటిగా దిద్దుకున్న తర్వాత రాస్తున్న పద్ధతి ఇది.

ఫోనుతో తీయడంలో ఇంకొక నష్టం కూడా ఉంది. ఫెయిర్‌ఫీల్డ్ విశ్వవిద్యాలయంలోని మనస్తత్వ శాస్త్రవేత్త లిండా హెంకెల్ ఒక మ్యూజియంలో ప్రయోగం చేసి 2014లో ప్రచురించారు. అందులో వస్తువులను ఊరికే చూసినప్పటి కంటే ఫొటో తీసినప్పుడు వాటి వివరాలు జనానికి తక్కువగా గుర్తున్నాయి. అదే వస్తువులో ఒక భాగాన్ని జూమ్ చేసి తీసినప్పుడు మాత్రం ఆ మరుపు కనిపించలేదు. కెమెరా ఉండటం కన్నా మన ధ్యాస ఎటు పోయిందన్నదే ముఖ్యమని దీన్నిబట్టి నేను అర్థం చేసుకున్నాను. అందుకే బటన్ నొక్కిన తర్వాత కెమెరా సంగతి మీరు మరిచిపోగలగాలి. కింద చెప్పే ప్రతి పనికీ నేను పెట్టుకున్న కొలబద్ద ఇదే.

మొదటి పని: ఏం తీయాలో కాగితం మీద రాసుకోండి

కెమెరా కొనకముందే, మీ రెండు చేతులూ పనిలో ఉండి కళ్లు మాత్రం ఇంట్లోవారి మీద ఉండే సందర్భాలను నాలుగైదు రాయండి. పాపకు జడ వేయడం, సైకిలు వెనక పట్టుకుని పరుగెత్తడం, ఒడిలో కూర్చోబెట్టుకుని కథ చదవడం, తాతయ్యతో కలిసి పాత రేడియో విప్పడం, పసివాడికి తినిపించడం వంటివి సహజంగా వస్తాయి. పుట్టినరోజు వేడుక ఈ జాబితాలో ఉండనవసరం లేదు, దానికి ఫోనులు పట్టుకునేవారు ఎలాగూ పదిమంది ఉంటారు. ఒంటిమీది కెమెరాకు పని పడేది మూడో మనిషి లేని చోట, ఎవరూ ఫొటో తీయాలనుకోని మామూలు మంగళవారం నాడు.

రోజంతా తీస్తే ఏదో ఒకటి దొరకకపోదు కదా అని మీకు అనిపించవచ్చు. అమెరికాలోని ఎంఐటీ విశ్వవిద్యాలయానికి చెందిన పరిశోధకుడు డెబ్ రాయ్ తన కొడుకు మాటలు ఎలా నేర్చుకుంటాడో తెలుసుకోవడానికి ఇంటి పైకప్పుల్లో 11 కెమెరాలు, 14 మైకులు అమర్చి, సుమారు మూడేళ్లలో 90,000 గంటల వీడియో పోగుచేశారు. ఆ రాశిలోంచి కావలసినది వెదకడానికి ఆయనకు ఒక పరిశోధన బృందమే ఉంది. మీకు ఉన్నది ఆదివారం మధ్యాహ్నం ఒక గంట, అది కూడా ఎవరూ పిలవకపోతే.

రెండో పని: ఒంటిమీద ఎక్కడ పెట్టుకోవాలో తేల్చుకోండి

ఏ కంపెనీ కెమెరా అన్న ప్రశ్న కంటే ఇది ముందు తేలాలి, ఎందుకంటే చోటును బట్టి దృశ్యం పూర్తిగా మారిపోతుంది.

ఛాతీకి కట్టే పట్టీ అన్నిటికంటే నిలకడగా ఉంటుంది. మనిషి తల నిమిషానికి ఎన్నోసార్లు తిరుగుతుంది గానీ మొండెం అంతగా కదలదు కాబట్టి, చూసేవారికి కళ్లు తిరగవు. మీ చేతులు, ఆ చేతుల్లో జరుగుతున్న పని ఫ్రేము కింది భాగంలో కనిపిస్తాయి. రేడియో విప్పడం, జడ వేయడం, సైకిలు నేర్పడం వంటి పనులకు ఇంతకు మించిన చోటు లేదు. లోపం ఏమిటంటే, కెమెరా మీ కళ్లు చూసేవైపు చూడదు, ఛాతీ తిరిగినవైపు చూస్తుంది. పక్కకు తల తిప్పి పాపతో మాట్లాడుతున్నప్పుడు అది ఎదురుగా ఉన్న గోడను శ్రద్ధగా రికార్డు చేస్తుంటుంది. కాబట్టి ఛాతీ పట్టీ వాడేవారు మాట్లాడేటప్పుడు తల ఒక్కటే కాకుండా భుజాలతో సహా తిరగడం అలవాటు చేసుకోవాలి. రెండు రోజుల్లో వచ్చేస్తుంది.

చొక్కా లోపల ఒక పలక, బయట కెమెరా పెట్టి అయస్కాంతంతో అతుక్కునేలా చేసిన లాకెట్టు లాంటి ఏర్పాటు తేలికైనది, చటుక్కున పెట్టుకోవచ్చు. కానీ బట్ట పలచగా, వదులుగా ఉంటే కెమెరా బరువుకు ముందుకు వాలి నేలను చూస్తుంది. నేను కొన్న ఒక లాకెట్టు అయితే పిల్లవాణ్ని ఎత్తుకోవడానికి వంగిన ప్రతిసారీ ఊడిపడేది. మందంగా, ఒంటికి పట్టి ఉండే బట్ట వేసుకోవడం మొదలుపెట్టాక ఆ బాధ తీరింది. ఇక్కడ ఒక జాగ్రత్తను మాత్రం తేలికగా తీసుకోకండి: గుండెకు పేస్‌మేకర్ వంటి పరికరం అమర్చినవారు ఈ అయస్కాంతపు లాకెట్టును ఛాతీమీద పెట్టుకోకూడదు, మీరు పెట్టుకుని వారిని హత్తుకోకూడదు. ఊడి వచ్చే చిన్న అయస్కాంతాలు పసిపిల్లలు మింగితే ప్రాణాపాయం కాబట్టి, అవి పిల్లలకు అందే చోట ఉండకూడదు. మెడలో వేసుకునే తాడు కూడా అంతే. గట్టిగా లాగితే తనంతట తాను విడిపోయే కొక్కెం ఉన్న తాడునే ఎంచుకోండి, పసిబిడ్డ మెడలో మాత్రం ఎట్టి పరిస్థితిలోనూ వేయకండి.

కళ్లజోడు కెమెరా గురి విషయంలో అన్నిటికంటే నిజాయితీగా ఉంటుంది, మీరు చూసిందే అది చూస్తుంది. ఎదుటివారు మీ కళ్లలోకి చూసి మాట్లాడితే వీడియోలో కూడా చూసేవారి కళ్లలోకే చూస్తున్నట్టు ఉంటుంది. అమ్మమ్మ చెప్పే పాత సంగతులను రికార్డు చేయడానికి దీన్ని మించినది లేదని నా అభిప్రాయం. అయితే పసివాళ్లు కళ్లజోడు కనబడితే ముందు దాన్నే లాగుతారు. తలకు కట్టే పట్టీ సంగతికొస్తే, ఇంట్లో దానితో తిరిగేవారిని చూసి నవ్వకుండా ఉండటం ఎవరివల్లా కాదు. నవ్వు ఆగేదాకా సహజమైన దృశ్యం ఒక్కటీ రాదు కాబట్టి దాన్ని వదిలేయండి.

ఇంకొక విషయం కొన్న తర్వాత గానీ తెలియదు. ఆటల్లో, ప్రయాణాల్లో ఒంటికి తగిలించుకునేలా చేసిన చాలా యాక్షన్ కెమెరాల ఫోకస్ మార్చడానికి వీల్లేకుండా బిగించి ఉంటుంది, ఇంచుమించు 30 సెంటీమీటర్ల కంటే దగ్గరగా ఉన్నవి మసకబారతాయి. ఒడిలో కూర్చున్న బిడ్డ ముఖం ఛాతీమీది కెమెరాకు ఒక జానెడు దూరంలోనే ఉంటుంది. కథ చదివేటప్పుడు అందువల్ల బిడ్డను కాస్త పక్కకు, మోకాలి మీదకు జరపండి, లేదా కెమెరాను మీ ఒంటిమీంచి తీసి పుస్తకాల అర అంచుకు తగిలించండి. చేతులు ఖాళీగా ఉండటం ముఖ్యం గానీ, కెమెరా ఒంటిమీదే ఉండాలన్న నియమం ఏమీ లేదు.

మూడో పని: కొనేముందు మూడు ప్రశ్నలు వేసుకోండి

బరువెంత అన్నది మొదటి ప్రశ్న. ఇన్‌స్టా360 గో 3 వంటి బొటనవేలంత కెమెరా 35 గ్రాములు ఉంటే, గోప్రో హీరో 12 బ్లాక్ వంటి పూర్తిస్థాయి యాక్షన్ కెమెరా 154 గ్రాములు ఉంటుంది. రెండోదాని బ్యాటరీ ఎక్కువసేపు వస్తుంది, చిత్రం కూడా మెరుగ్గా ఉంటుంది, కానీ దాన్ని కట్టుకోవడం ఒక పని అవుతుంది. ఇంట్లో వాడేదానికి నేను తేలికైనదానివైపే మొగ్గుతాను, ఎందుకంటే కట్టుకోవడానికి రెండు నిమిషాలు పట్టే కెమెరా మూడో వారానికల్లా సొరుగులోకి వెళ్లిపోతుంది.

కంపెనీ రేపు మూతపడితే నా కెమెరా పనిచేస్తుందా అన్నది రెండోది. ఇది ఊహకు పోయి అడుగుతున్న ప్రశ్న కాదు. ప్రతి 30 సెకన్లకు తనంతట తాను ఒక ఫొటో తీసే నేరేటివ్ క్లిప్ అనే స్వీడన్ కెమెరా 2012లో మెమోటో పేరుతో జనం చందాల మీద మొదలై, 2016లో మూసివేత ప్రకటన దాకా వచ్చింది. పిల్లలు, పెంపుడు జంతువుల ముచ్చట్లను తానే గుర్తించి తీస్తుందని చెప్పి గూగుల్ 2018 ఆరంభంలో అమ్మకానికి పెట్టిన క్లిప్స్ కెమెరా 2019లోనే ఆగిపోయింది. కాబట్టి యాప్ లేకుండా, ఖాతా తెరవకుండా, తీగతో కంప్యూటరుకు కలిపినా కార్డు తీసి గుచ్చినా మామూలు వీడియో ఫైళ్లు కనిపించే కెమెరానే కొనండి. నాకైతే ఈ ఒక్క షరతు మిగతా అన్ని హంగుల కంటే ఎక్కువ.

మూడోది, రికార్డు అవుతున్నట్టు ఎదుటివారికి తెలిసే దీపం ఉందా? ఉండాలి. కెమెరా ఉన్న రే-బ్యాన్ మెటా కళ్లజోళ్లలో ఆ దీపాన్ని కప్పేస్తే రికార్డింగు మొదలుకాకుండా ఏర్పాటు చేశారు. దీపం మీద స్టిక్కరు అంటించుకునే ఉపాయాలు చెప్పేవారి మాట వినకండి, ఆ దీపం అవసరమేమిటో మీకు కింద తెలుస్తుంది.

నాలుగో పని: సెట్టింగులు ఒకసారి సరిచేసి ఇక ముట్టుకోకండి

ఇల్లు మన కళ్లకు వెలుతురుగానే కనిపిస్తుంది గానీ, వెలుతురును బొమ్మగా మార్చే సెన్సరు గోరంతే ఉన్న చిన్న కెమెరాకు సాయంత్రపు గది దాదాపు చీకటే. వెలుతురు చాలనప్పుడు కెమెరా ఒక్కో ఫ్రేమును, అంటే వీడియోలో వరసగా వచ్చే ఒక్కో బొమ్మను, ఎక్కువసేపు తెరిచి ఉంచుతుంది. ఆ కాస్త సమయంలో మీరు అడుగు వేస్తే ఫ్రేము లోపలే బొమ్మ అలుక్కుపోతుంది. స్టెబిలైజేషన్ అనే సదుపాయం ఫ్రేముల అంచులు కోసి, ఒకదానితో ఒకటి సరిగా కూర్చి కుదుపును తీసేస్తుంది గానీ, ఫ్రేము లోపల పడిన అలుకుడును ఏమీ చేయలేదు. ఫలితంగా గోడలు నిలకడగా ఉండి ముఖాలు మాత్రం అడుగు అడుగుకీ మసకబారి తేటపడుతూ ఉంటాయి. దీనికి మందు సెట్టింగుల్లో కంటే గదిలో ఎక్కువ ఉంది. లైట్లన్నీ వేయండి, పగలైతే కిటికీకి వీపు పెట్టి కూర్చోండి, అప్పుడు వెలుగు మీకు ఎదురుగా ఉన్నవారి ముఖాల మీద పడుతుంది. ఇంట్లో సెకనుకు 60 ఫ్రేములు పెట్టకండి. అలా పెడితే ఒక్కో ఫ్రేముకు సెకనులో అరవయ్యో వంతుకు మించి వెలుతురు అందదు. 25 లేదా 30 చాలు.

ఆ రెండింటిలో ఏది అన్నది మీ ఇంటి కరెంటును బట్టి ఉంటుంది. 50 హెర్ట్జ్ కరెంటు మీద నడిచే బల్బుల వెలుగు సెకనుకు 100 సార్లు ఎక్కువ తక్కువలవుతుంది. మన కంటికి తెలియని ఆ మినుకు వీడియోలో నల్లని పట్టీలు పాకుతున్నట్టు కనిపిస్తుంది. మెనూలో యాంటీ ఫ్లికర్ అనే చోట మీ ప్రాంతపు కరెంటుకు తగ్గట్టు 50 లేదా 60 హెర్ట్జ్ ఎంచుకోండి. 50 హెర్ట్జ్ అయితే 25 ఫ్రేములు, 60 అయితే 30 ఫ్రేములు పెట్టండి.

వీడియో ఎంత సూక్ష్మంగా ఉండాలన్న సెట్టింగులో 4కె పెట్టాలా, 1080పి చాలా అని అందరూ అడుగుతారు. ఛాతీమీది గురి ఎప్పుడూ కాస్త అటూ ఇటూగానే ఉంటుంది, 4కె ఫ్రేములో 1080పి కంటే నాలుగు రెట్లు పిక్సెళ్లు ఉంటాయి కాబట్టి తర్వాత అందులోంచి సగం వెడల్పు ముక్కను కోసుకున్నా నాణ్యత దిగదు. అందుకని వెలుతురున్నచోట నేను 4కె పెడతాను. కార్డులో చోటు ఎంత పడుతుందో తెలుసుకోవడానికి ఒక చిన్న లెక్క ఉంది. కెమెరా సెకనుకు ఎన్ని మెగాబిట్లు రాస్తుందో ఆ అంకెను 0.45తో గుణిస్తే గంటకు ఎన్ని జీబీ అవుతుందో వస్తుంది. 60 మెగాబిట్లయితే 27 జీబీ, 100 అయితే 45 జీబీ. 64 జీబీ కార్డు మొదటిదానికి రెండు గంటల పైచిలుకు వస్తుంది, రెండోదానికి గంటన్నర కూడా రాదు. కార్డు మీద వి30 అని రాసి ఉంటే సెకనుకు కనీసం 30 మెగాబైట్లు ఆగకుండా రాయగలదని అర్థం, ఈ పనికి అది పుష్కలం.

లెన్సు వెడల్పు కోణం గురించి ఒక్క మాట చెబుతాను. బాగా వెడల్పు పెడితే అంచున ఉన్నవారి ముఖాలు గుమ్మడికాయల్లా సాగిపోతాయి. మెనూలో లీనియర్ అని ఉంటే అది ఎంచుకోండి.

ఇక శబ్దం. కొన్నేళ్ల తర్వాత వీడియోలో మీరు వెతుక్కునేది బొమ్మకంటే ముందు గొంతునే, కానీ సెట్టింగుల్లో అందరూ ఆఖరున చూసేది దాన్నే. ఛాతీమీది మైకుకు మీ నోరు 20 సెంటీమీటర్ల దూరంలో, బిడ్డ 2 మీటర్ల దూరంలో ఉన్నారనుకుంటే, ఇద్దరూ ఒకే స్థాయిలో మాట్లాడినా బిడ్డ గొంతు మీ గొంతు కంటే ఆరుబయట ఇంచుమించు 20 డెసిబెల్స్ తక్కువగా పడుతుంది. అంటే మీ ఊపిరి, నమిలే చప్పుడు, పట్టీ బట్టకు రాసుకునే గరగర వినిపించి, దేనికోసం తీశారో ఆ ముద్దుమాట వినిపించకుండా పోతుంది. అందువల్ల మామూలు కంటే మెల్లగా మాట్లాడండి, బిడ్డకు దగ్గరగా నేలమీద కూర్చోండి, మైకు రంధ్రానికి చున్నీ, కాలరు, బొత్తాము తగలకుండా చూడండి. ఫ్యాను గాలి నేరుగా మైకు మీద పడితే ఆ హోరును తర్వాత తీసేయడం కష్టం.

చివరగా కెమెరా గడియారాన్ని సరిచేయండి, ఫైలులో మీరున్న చోటును నమోదు చేసే జీపీఎస్ సదుపాయం ఉంటే ఆపేయండి. ఏదో ఒకరోజు ఆ వీడియోను బంధువులకు పంపినప్పుడు మీ ఇంటి చిరునామా కూడా దానివెంట వెళ్లనవసరం లేదు.

ఐదో పని: గురి కుదిరేదాకా సాధన చేయండి

కెమెరా తగిలించుకుని, యాప్‌లోని ప్రివ్యూను ఫోనులో తెరిచి, ఆ ఫోనును ఎదురుగా నిలబెట్టండి. ఇప్పుడు నిలబడండి, కుర్చీలో కూర్చోండి, నేలమీద కూర్చోండి, బూటు లేసు కడుతున్నట్టు వంగండి. ఒక్కో భంగిమలో కెమెరా ఎటు చూస్తోందో గమనిస్తే ఆశ్చర్యం వేస్తుంది. నిలబడినప్పుడు సరిగ్గా ఎదుటివారి ముఖం మీద ఉన్న గురి, కుర్చీలో వెనక్కి వాలగానే పైకప్పు మీదకు పోతుంది, ముందుకు వంగగానే నేలమీదకు జారుతుంది. అన్ని భంగిమలకూ సరిపోయే వంపు అంటూ ఉండదు. మొదట రాసుకున్న జాబితా తీసి, ఆ పనుల్లో మీరు ఎక్కువసేపు ఎలా ఉంటారో చూసి దానికి తగ్గట్టు వంచండి. నేను నేలమీద కూర్చున్నప్పటి గురినే ఉంచి, ఆ వంపు దగ్గర కెమెరాను బిగించే మౌంటు మీద పెన్నుతో సన్నని గీత పెట్టుకున్నాను. తగిలించుకోగానే ఆ గీతకు కలిపితే చాలు, ప్రతిసారీ ప్రివ్యూ చూడనక్కరలేదు.

నేలమీద కూర్చోవడంలో ఇంకొక లాభం ఉంది. నిలబడిన పెద్దవారి ఛాతీ నుంచి చూస్తే రెండేళ్ల బిడ్డ నడినెత్తి తప్ప ఏమీ కనిపించదు. బిడ్డ కళ్ల ఎత్తుకు కెమెరా దిగినప్పుడే ముఖం కనిపిస్తుంది.

ఆరో పని: ఇంట్లో అందరినీ అడగండి

ఇది మర్యాద కోసం చేసే లాంఛనం అనుకోకండి. కెమెరా పెట్టుకున్న మొదటి సాయంత్రమే దాన్ని అందరికీ చూపించి, దీపం వెలిగితే రికార్డు అవుతున్నట్టని చెప్పి, ఎవరైనా సరే ‘ఆపు’ అంటే కారణం అడగకుండా ఆపుతానని మాట ఇవ్వండి. పిల్లలకు కూడా ఆ హక్కు ఉండాలి. మా అబ్బాయి మొదటి వారంలో ఆ మాటను కేవలం నన్ను పరీక్షించడానికి ఇరవైసార్లు వాడాడు. ఇరవైసార్లూ ఆపాను, ఆ తర్వాత వాడికి కెమెరా మీద ధ్యాసే పోయింది. ఇంటికి వచ్చిన అతిథులకు, ఇంట్లో పనిచేసేవారికి, ఆడుకోవడానికి వచ్చిన పక్కింటి పిల్లల తల్లిదండ్రులకు కూడా ముందే చెప్పాలి. మాటలను రికార్డు చేయడానికి అందరి సమ్మతీ ఉండాలని చట్టం చెప్పే ప్రాంతాలు ఉన్నాయి కాబట్టి, మీరున్నచోట నియమం ఏమిటో ఒకసారి చూసుకోవడం మంచిది.

కొన్ని చోట్ల కెమెరా అసలు ఉండకూడదు: స్నానాల గది, బట్టలు మార్చుకునే గది, పిల్లల బడి, ఆసుపత్రి, ఇంట్లో గొడవ జరుగుతున్న సమయం. స్నానం చేస్తున్న పసివాడి వీడియో ఎంత అమాయకంగా తీసినా, అది తనంతట తాను క్లౌడ్‌లోకి ఎక్కితే ఏ కళ్ల ముందుకు వెళ్తుందో మీ చేతుల్లో ఉండదు.

ఏడో పని: కొద్దిగా తీయండి

బటన్ నొక్కి, ఎనిమిది పది నిమిషాల తర్వాత ఆపేయండి. చాలా చిన్న కెమెరాల బ్యాటరీ ఒక గంట కూడా రాదు, గాలి ఆడని గదిలో 4కె మీద ఎక్కువసేపు నడిపితే వేడెక్కి తనంతట తాను ఆగిపోతుంది. వేడెక్కిన కెమెరా బిడ్డ చర్మానికి తగలకుండా చూసుకోండి. ఈ ఇబ్బందులు లేకపోయినా నేను పది నిమిషాలకే ఆపమంటాను, ఎందుకంటే దానికి మించితే తర్వాత మీరే చూడరు.

‘సరిగ్గా నేను ఆన్ చేసేలోపే అయిపోయింది’ అనే బాధకు కొన్ని కెమెరాల్లో ఒక ఉపాయం ఉంది. ఆ సదుపాయం ఆన్‌లో ఉంటే, బటన్ నొక్కక ముందు గడిచిన సెకన్లు కూడా వీడియోలో చేరతాయి. గోప్రోలో దీని పేరు హైండ్‌సైట్, 15 లేదా 30 సెకన్లు వెనక్కి పోవచ్చు. బ్యాటరీని బాగా తాగుతుంది గానీ, బిడ్డ లేచి నిలబడుతుందా లేదా అన్న రోజుల్లో దాన్ని మించిన మిత్రుడు లేడు.

రికార్డు అవుతున్నప్పుడు ‘ఇటు చూడు’, ‘మళ్లీ చెయ్యి’, ‘ఆ పాట పాడు’ అనకండి. అలా అన్న క్షణం నుంచి అది ఫోను వీడియోలాగే అయిపోతుంది. లెన్సు మీద వేలిముద్ర ఉంటే ముఖాల చుట్టూ పాలపొర కమ్మినట్టు వస్తుంది, తగిలించుకునేముందు మెత్తని బట్టతో ఒకసారి తుడవండి.

ఎనిమిదో పని: ఆ వారంలోనే చూసి, కోసి, దాచండి

తీసినదాన్ని వారం దాటనివ్వకుండా చూడండి. అప్పటికి ఏం జరిగిందో మీకు ఇంకా గుర్తుంటుంది కాబట్టి నేరుగా ఆ చోటికే వెళ్లగలుగుతారు. కొన్ని కెమెరాలు 4 జీబీ దాటగానే ఫైలును తెంచి కొత్తది మొదలుపెడతాయి. 60 మెగాబిట్ల దగ్గర తొమ్మిది నిమిషాల చిల్లరకే అలా జరుగుతుంది, కంగారుపడి రెండో ముక్కను పొరపాటున చెరిపేయకండి. గంట వీడియోలోంచి ఐదు నిమిషాలు ఉంచుకోవడం నా లెక్క. ముక్క కోసేటప్పుడు ముఖ్యమైన మాటకు ముందు, తర్వాత పది సెకన్ల చొప్పున వదలండి. గదిలో ఫ్యాను తిరుగుతున్న శబ్దం, లోపలినుంచి ఎవరో పిలవడం, దానికి మీరు పలకడం ఆ పది సెకన్లలోనే ఉంటాయి.

ఫైలు పేరును తేదీతో, ఏడాది ముందు వచ్చేలా మొదలుపెట్టి, తర్వాత నాలుగు మాటలు రాయండి. ‘2025-03-11 తాతయ్య రేడియో విప్పడం’ అని పెడితే పేర్లన్నీ వాటంతటవే కాలక్రమంలో నిలబడతాయి. తర్వాత ఫొటోగ్రాఫర్లు పాటించే 3-2-1 పద్ధతిలో దాచండి. అంటే మూడు ప్రతులు ఉండాలి, అవి రెండు రకాల సాధనాల మీద ఉండాలి, ఒకటి ఇంటి బయట ఉండాలి. కంప్యూటరులో ఒకటి, విడి హార్డు డిస్కులో ఒకటి, అన్నగారి ఇంట్లోనో క్లౌడ్‌లోనో ఇంకొకటి ఉంటే సరిపోతుంది. మూడింటిలోనూ ఫైలు తెరుచుకుంటోందని చూసిన తర్వాతే కార్డు ఖాళీ చేయండి. నేను ఒకసారి ఆ వరస తప్పి కార్డును ముందే చెరిపేశాను, పదకొండు నిమిషాల సైకిలు పాఠం పోయింది.

తొమ్మిదో పని: కెమెరాను వేరేవారికి ఇవ్వండి

మూడు నెలల వీడియోలు వరసగా చూస్తే మీకే తెలుస్తుంది. వాటిలో మీరు ఉండరు. రెండు చేతులు, ఒక గొంతు, అప్పుడప్పుడు అద్దంలో ఒక నీడ మాత్రం ఉంటాయి. ఫోనుతో తీసేవారికి ఉన్న ఈ శాపం ఒంటిమీది కెమెరాతో ఇంకా ఎక్కువవుతుంది. అందుకని నెలకొకసారి దాన్ని ఇంట్లో మరొకరికి తగిలించండి.

బడి వయసు పిల్లలకు, తాడు లేకుండా, చొక్కాకు పట్టే క్లిప్పుతో ఇవ్వవచ్చు. అంతకంటే చిన్నవారికి వద్దు. ఇండియానా విశ్వవిద్యాలయంలో లిండా స్మిత్ బృందం పసిపిల్లల తలకు చిన్న కెమెరాలు అమర్చి వారి కళ్ల ముందు ఏముంటుందో చూసింది. తొలి నెలల్లో వారికి ఎక్కువగా ముఖాలు, ఏడాది దాటి రెండో ఏడు వచ్చేసరికి ఎక్కువగా చేతులు కనిపిస్తున్నాయని తేలింది. చదవడానికి ముచ్చటగా ఉన్నా, అది పరిశోధన కోసం జరిగిన పని, మీరు ఇంట్లో ప్రయత్నించేది కాదు.

మా అబ్బాయికి ఆరేళ్లప్పుడు ఒక సాయంత్రం క్లిప్పు పెట్టి వదిలేశాను. పదకొండున్నర నిమిషాలు తీశాడు. అందులో నేను దాదాపు అంతసేపూ రెండు మోకాళ్లుగానే ఉన్నాను. నా గొంతు ఎక్కడో పైనుంచి, ఫోనులో ఎవరితోనో మాట్లాడుతూ వినిపిస్తుంది. తొమ్మిదో నిమిషంలో వాడి లేసు ఊడింది, నేను కూర్చున్నాను, నా ముఖం పైనుంచి దిగి వచ్చి నాలుగు సెకన్లు తెరంతా నిండింది. ఆ ఫైలులో కోసిందేమీ లేదు. తేదీ నేను రాశాను, పక్కన వాడు చెప్పిన పేరే ఉంచాను: ‘నాన్న మోకాళ్లు’.